అరువది రెట్ల ఆకర్షణ: చవుక స్పాటింగు స్కోపుల గుణదోష విమర్శ

రైఫిలు పేల్చినవానికి వెంటనే తెలియవలసిన సంగతి ఒక్కటే: గుండు ఎక్కడ తగిలినది? 50 మీటర్ల దూరమున నిలిపిన కాగితపు లక్ష్యముపై .22 రైఫిలు గుండు చేయు చిల్లి వ్యాసము ఇంచుమించు 5.6 మి.మీ. మాత్రమే. నల్లని వలయములో పడిన ఆ చిల్లి వట్టి కంటికి ఆనదు. ప్రతి గుండుకును లేచి లక్ష్యము వద్దకు నడచిపోవుట కుదరదు. ఈ అవసరము తీర్చుటకు ఏర్పడినదే స్పాటింగు స్కోపు. ఇది ముక్కాలిపై నిలిపి ఒంటికంటితో చూచు చిన్న దుర్భిణి.

పెద్ద పోటీలలో నేడు ఎలక్ట్రానిక్ లక్ష్యములు వచ్చి, దెబ్బ తగిలిన చోటు తెరమీదనే కనబడుచున్నది. కాని కాగితపు లక్ష్యములపై అభ్యాసము చేయువారికి స్కోపు అక్కర తీరలేదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీయందు కాంస్య పతకము గెలిచినవాడు. అట్టివారిని చూచి ఈ క్రీడలో అడుగుపెట్టు విద్యార్థులలో స్వల్పాదాయ కుటుంబముల వారును ఉందురు. అట్టివాడు ఎంతో కాలము కూడబెట్టిన సొమ్ముతో కొనిన స్కోపు పనికిరానిదైనచో ఆ నష్టము చిన్నది కాదు.

అంగళ్లలో చవుకగా దొరకు స్కోపులలో ఎక్కువ ప్రచారమందున్నది 20–60×60 అను రకము. పలు పేర్లతో, పలు రంగుల పెట్టెలలో వచ్చినను అన్నిటి రూపము ఒక్కటే. మొదటి రెండు అంకెలు వర్ధనశక్తిని తెలుపును. అనగా వస్తువు 20 మొదలు 60 రెట్ల వరకు పెద్దదిగా కనబడును. చివరి అంకె ముందున్న వస్తుకటకపు వ్యాసము, మిల్లీమీటర్లలో. పెట్టెపై పెద్ద అక్షరములతో అచ్చువేయునది మాత్రము 60 రెట్లు అను మాటనే. కొనువాని చూపును దానిమీదనే నిలుచును. ఈ ఆకర్షణలో ఎంత నిజమున్నదో లెక్క వేసి చూడవలెను.

దుర్భిణి వెనుకభాగమున వెలువడు కాంతి ఒక చిన్న వృత్తముగా కంటిలో ప్రవేశించును. దీనిని నిర్గమ వలయము అందురు. వస్తుకటకపు వ్యాసమును వర్ధనశక్తిచే భాగించినచో దాని వ్యాసము వచ్చును. 20 రెట్ల వద్ద 60ని 20చే భాగింపగా 3 మి.మీ.; 60 రెట్ల వద్ద 1 మి.మీ. మాత్రమే. ప్రకాశము వ్యాసపు వర్గమునుబట్టి యుండును గనుక 60 రెట్ల బింబము 20 రెట్ల బింబములో తొమ్మిదవ వంతు వెలుగు మాత్రమే కలిగియుండును. సందెవేళ కంటిపాప 5, 6 మి.మీ. వరకు విచ్చుకొనును. అట్టి సమయమున 1 మి.మీ. కాంతిరేఖ దానికి చాలదు. మిట్టమధ్యాహ్నము తప్ప తక్కిన వేళలందు ఆ 60 రెట్లు మసకచూపే.

మరి అంత వర్ధనము అవసరమా? 300 మీటర్ల దూరమున 7.62 మి.మీ. చిల్లి కంటివద్ద చేయు కోణము ఇంచుమించు 5.2 సెకండ్లు, సెకండు అనగా డిగ్రీలో 3600వ వంతు. మంచి కన్ను 60 సెకండ్ల కోణమును గుర్తింపగలదు. అందుచేత 12 రెట్లు పెంచిన చాలునని గణితము చెప్పును. కంటికి శ్రమ లేకుండ, నలుపుపై నల్లచిల్లిని పోల్చుకొనుటకు దానికి రెండింతలు, రెండున్నర ఇంతలు, అనగా 25, 30 రెట్లు కావలెను. 60 మి.మీ. కటకము, దోషములు లేనిదైనచో, సుమారు 2 సెకండ్ల వివరమును విడదీయగలదు. కటకము ఇచ్చు వివరము అంతే. అంతకుమించి ఎంత పెంచినను ఉన్న మసకయే పెద్దదగును గాని క్రొత్త వివరము పుట్టదు.

దీనికి తోడు గాలి. ఎండ ముదిరిన కొలది నేల వేడెక్కి, దానిపై గాలిపొరలు కదలును. వాని సాంద్రతలోని భేదముచేత కాంతి వంగి లక్ష్యము నీటి అడుగున నున్నట్లు అల్లాడును. ఆంధ్ర దేశపు వేసవిలో ఉదయము పది దాటినంతనే ఈ అలజడి మొదలగును. వర్ధనము ఈ చలనమునుకూడ అన్ని రెట్లు పెంచును. అనుభవజ్ఞులైన గురికాండ్రు ఈ దోషమును సైతము ఉపయోగించుకొందురు. స్కోపును లక్ష్యముకన్న కొంచెము ఇవతలి దూరమునకు సరిచేసి, అలలు ఏ ప్రక్కకు సాగుచున్నవో చూచి గాలివాటము పసిగట్టుదురు. ఇందుకును 20, 25 రెట్లే అనుకూలము.

రెండవ దోషము గాజులో నున్నది. పూత లేని గాజు ప్రతి ముఖమువద్దను సుమారు 4 శాతము కాంతిని వెనుకకు పరావర్తనము చేయును. స్కోపులో అట్టి ముఖములు పదునాలుగు ఉన్నవనుకొన్నచో తుదకు కంటికి చేరునది 56 శాతమే. 1935లో జైస్ సంస్థలో స్మకులా కనుగొనిన పలుచని పూత ఈ నష్టమును తగ్గించినది. తరువాత వచ్చిన బహుపొరల పూతలచే ముఖమునకు నష్టము అర శాతమైనచో 93 శాతము కాంతి దక్కును. “పూత గలది” అని వ్రాసినంత మాత్రాన అన్ని ముఖములకు పూత యున్నట్లు కాదు. కెంపువలె ఎర్రగా తళతళలాడు పూత చూపి భ్రమపెట్టుటయు కలదు. ఆ పూత ఎర్రని కాంతిని బయటకు నెట్టివేయుటచే లోపలి బింబము ఆకుపచ్చ నీలములకు తిరుగును.

బింబమును నిటారుగా నిలుపు పట్టకముల సంగతియు అట్లే. అందు కాంతి 45 డిగ్రీలతో తాకి సంపూర్ణాంతర పరావర్తనము చెందవలెను. బీకే-7 అను చవుక గాజుకు సందిగ్ధ కోణము 41.2 డిగ్రీలు. మధ్య కిరణములు నిలుచును గాని, అంచు కిరణములు కొన్ని జారిపోవును. అప్పుడు నిర్గమ వలయము గుండ్రముగాక అంచులు నలిగిన చతురస్రమువలె కనబడును. బాక్-4 గాజుకు ఆ కోణము 39.6 డిగ్రీలు గనుక ఈ లోపము చాల తక్కువ.

ఈ దోషములను పట్టుటకు ప్రయోగశాల అక్కరలేదు. స్కోపును వెలుతురున్న ఆకాశమువైపు త్రిప్పి, అక్షికటకము వెనుక గ్రాఫు కాగితము పట్టి, వెలుగు బిళ్లను కొలువవలెను. 20 రెట్ల వద్ద 3 మి.మీ. ఉండవలసినది 2 మి.మీ. మాత్రమే ఉన్నచో రెంటిలో ఒకటి నిజము: వర్ధనము చెప్పినదానికన్న హెచ్చు, లేదా గొట్టములోపలి అడ్డురింగు కటకమును 40 మి.మీ. వరకే పనిచేయనిచ్చుచున్నది. పదవ తరగతి విద్యార్థి చేయదగిన ఈ లెక్క పెట్టెమీది అంకెకన్న నమ్మదగినది. ఆకాశము ముందున్న నల్లని విద్యుత్ స్తంభమును చూచినపుడు అంచులలో ఊదా, పచ్చ చారలు దట్టముగా కనబడినచో కటకము వర్ణదోషమును సరిగా తొలగింపలేదన్నమాట. సూర్యునివైపు మాత్రము ఎన్నడును చూడరాదు, కన్ను పోవును.

వేటాడుట అనుమతింపబడిన దేశములలో ఈ స్కోపునకు మరొక పని యున్నది. పొదలో కదలునది మృగమా, మనుష్యుడా, పశువా అని తెలిసికొనుటకు రైఫిలుపై నున్న దుర్భిణితో చూచినచో చూచునంతసేపును గొట్టము అటువైపే గురిపెట్టబడియుండును. ప్రాణాపాయకరమైన ఈ అలవాటు తప్పించుటకే వేరుగా స్కోపు ఉండవలెను. సందెవేళ మసకబింబమిచ్చు స్కోపు ఇచటనే ద్రోహము చేయును. భారతదేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, తరువాతి సవరణలు వేటను నిషేధించినవి. కాని పులికాటు సరస్సు ఒడ్డున రాజహంసలను దూరమునుండి బెదరగొట్టకుండ చూచువారికి ఇదే పరికరము, ఇవే లెక్కలు వర్తించును.

ఇన్ని దోషములున్నను ఈ చవుక రకమును పూర్తిగా త్రోసివేయుట న్యాయము కాదు. 20 రెట్ల వద్ద, 50 లేక 100 మీటర్ల దూరమున, వీనిలో మంచివి చక్కగా పనిచేయును. లోపము పరికరములో కన్న పెట్టెమీది వాగ్దానములోనే హెచ్చు. అదే ధరకు స్థిరవర్ధనము గల 20 లేక 25 రెట్ల అక్షికటకముతో 60 మి.మీ. స్కోపు దొరికినచో అది మేలు. మార్పునకు వాడు అదనపు కటకముల ఖర్చు గాజు నాణ్యమునకు మిగులును. కళ్లజోడు పెట్టుకొనువారు కంటికిని అక్షికటకమునకును నడుమ 15 మి.మీ. ఎడము దొరకునో లేదో చూడవలెను. తొలకరిలో లోపల ఆవిరి పట్టకుండ నత్రజని నింపి మూసినది మేలు.

అన్నిటికన్న ముఖ్యము ముక్కాలి. స్కోపుతో వచ్చు అరచేతి ఎత్తు ముక్కాలి గాలికి వణకినచో 30 రెట్ల వద్ద ఆ వణకు 30 రెట్లగును. ఉన్న సొమ్ములో కొంత తీసి బరువైన ముక్కాలిపై వెచ్చించినవాడు, 60 రెట్లను కొని వణకించుకొన్నవానికన్న ఎక్కువ చూచును. కొనబోవువాడు అంకెను గాక, గ్రాఫు కాగితముపై పడిన వెలుగు బిళ్లను నమ్మవలెను.