చూసి గీయమన్న ఖడ్గమృగం

వత్తు ‘ఖ’ వచ్చిందంటే మన పిల్లలకి ఖడ్గమృగం తప్పదు. ‘ఖ’కి ఖర్జూరం ఉంది, ఖద్దరు ఉంది. అయినా అక్షరాల చార్టులు వేసేవాళ్ళకి ఎందుకో ఈ మృగంమీదే మోజు. మా మనవరాలికి ఒకటో తరగతిలో ఇంటిపని ఇచ్చేరు, ఖడ్గమృగం బొమ్మ గీసి రంగు వేసుకు రమ్మని.

పిల్ల గీసింది. గిన్నెలు తోముతున్న మా పనిమనిషి తొంగిచూసి, “ఇదేటమ్మా, గేదికి ముక్కుమీద కొమ్ము మొలిసినాది?” అని నవ్వింది. ఆ మాట నిజమే. నాగావళి ఒడ్డున గేదెల్ని చూస్తూ పెరుగుతున్న పిల్ల, తనకి తెలిసిన పెద్ద నల్ల జంతువుకి ముక్కుమీద ఓ కొమ్ము పెట్టి ఊరుకుంది. కొమ్ము కూడా అచ్చం కత్తిలాగే ఉంది, పిడితో సహా. ఖడ్గమృగం అని చెబితే ఖడ్గం పెట్టక ఏం చేస్తుంది పాపం!

మర్నాడు పుస్తకం తిరిగి వచ్చింది. బొమ్మమీద అడ్డంగా ఎర్రసిరా గీత. కింద, ‘చూసి గీయాలి’. ఆ రోజు మొదలు పదిరోజులు పిల్ల రంగుపెన్సిళ్ళ డబ్బా ముట్టలేదు. అన్నం దగ్గర కూచుని మెతుకులతో కూడా బొమ్మలు చేసే పిల్ల అది.

టీచరమ్మమీద నాకు కోపం లేదు. నలభైమంది పిల్లలతో నేనైతే ఆ రెండు మాటలైనా రాసేదాన్ని కాదేమో. కాని ఆ రెండు మాటలే నన్ను వదల్లేదు. దేన్ని చూసి? శ్రీకాకుళంలో పుట్టిన పిల్ల ఖడ్గమృగాన్ని ఎక్కడ చూస్తుంది? మన దేశంలో అది ముఖ్యంగా అస్సాంలో ఉంది. ఒక్క కజిరంగాలోనే 2022 లెక్కల ప్రకారం 2,613 ఉన్నాయి. ఒకప్పుడు తెలుగునేలమీద కూడా తిరిగిన జంతువే లెండి. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880ల్లో తవ్వితే ఖడ్గమృగం ఎముకలు దొరికేయి. కర్నూలు పేరుతోనే దానికి శాస్త్రీయనామం పెట్టేరు. అది మా పిల్లకి ఇప్పుడు పనికొచ్చే సంగతి కాదనుకోండి.

చూడమన్నది గోడమీది చార్టుని. సరే, అదెలా ఉంటుందోనని బజారుకి వెళ్ళి ఓ చార్టు, ‘తేలిగ్గా బొమ్మలు గీయడం’ తరహా పుస్తకం ఒకటి కొనుక్కొచ్చేను. చార్టులో మృగం నవ్వుతోంది. మన అస్సాం ఖడ్గమృగానికి ఒకటే కొమ్ము, ఆఫ్రికావాటికి రెండు. చార్టు వేసినాయన ఆఫ్రికా కొమ్ములు, అస్సాం మడతలు కలిపి వడ్డించేడు. పుస్తకంలో ఇంకా సులువు. ఓ పెద్ద కోడిగుడ్డు, పక్కన చిన్న గుడ్డు, కింద నాలుగు గొట్టాలు, ముక్కుమీద త్రికోణం. పేజీ తిప్పితే అవే గుడ్లు, అవే గొట్టాలు. త్రికోణం తీసి తొండం పెడితే ఏనుగు. దీనివల్ల పిల్లకి ఏనుగూ తెలియలేదు, ఖడ్గమృగమూ తెలియలేదు, గుడ్డు గీయడం మాత్రం వచ్చింది.

మనం ముగ్గులు అలా నేర్చుకున్నవాళ్ళమే కదా అనొచ్చు మీరు. చుక్కలు లెక్కపెట్టి, అమ్మ వేసినట్టే వేసి. నిజమే. ముగ్గుకి లెక్కే ప్రాణం. పదిహేను చుక్కల ముగ్గు ఏ వాకిట్లో వేసినా అదే ముగ్గు. జంతువు అలా కాదు. దానికి బరువుంటుంది, ఓ చూపుంటుంది.

చూడకుండా గీసినవాళ్ళలో జగత్ప్రసిద్ధుడు ఒకాయన ఉన్నాడు. 1515 మే నెలలో ఓ ఖడ్గమృగం లిస్బన్ రేవులో ఓడ దిగింది. మనదేశపుదే. గుజరాతు సుల్తాను ముజఫర్ షా పోర్చుగీసు గవర్నరు ఆల్బుకెర్క్‌కి ఇచ్చిన కానుక. ఆయన దాన్ని తమ రాజు మాన్యుయేల్‌కి పంపించేడు. ఊరంతా విరగబడి చూసింది. ఎక్కడో జర్మనీలో, న్యూరెంబర్గ్‌లో ఉన్న డ్యూరర్ అనే చిత్రకారుడు మాత్రం చూడలేదు. లిస్బన్ నుంచి వచ్చిన ఓ వర్ణన, ఎవరో గీసిన నమూనా, ఇవే ఆయనకి ఆధారం. వాటితోనే బొమ్మ గీసి, చెక్క అచ్చుమీద ముద్ర వేయించేడు.

ఆ బొమ్మ ఎప్పుడైనా కనబడితే తీరిగ్గా చూడండి. తప్పులు కావలసినన్ని. చర్మం మడతలు యుద్ధానికి వెళ్ళే వీరుడి కవచంలా ఉంటాయి. కాళ్ళమీద చేపకి ఉన్నట్టు పొలుసులు. భుజాలమధ్య లేని కొమ్ము ఒకటి, చిన్నది, మెలితిరిగినది. మా టీచరమ్మ చేతిలో పడితే ఎర్రసిరా బుడ్డి ఖాళీ అయ్యేది. అయినా ఆ తల వాల్చిన తీరులో, ఆ కాళ్ళు నేలమీద ఆనిన తీరులో జంతువు బరువు మన కంటికి తగులుతుంది. చూడని దాన్ని చూడాలని ఆ మనిషి ఎంత తపించేడో ఒక్కొక్క గీతలో తెలుస్తుంది.

అదే సంవత్సరం ఆగ్స్‌బర్గ్‌లో బుర్గ్‌మైర్ అనే ఆయన కూడా ఆ జంతువునే అచ్చు వేసేడు. ఆయనా చూడలేదనే అంటారు. ఆ బొమ్మలో భుజంమీద దొంగకొమ్ము లేదు, కవచమూ లేదు. ముందరికాళ్ళకి బంధం మాత్రం ఉంది. కళగా చూస్తే డ్యూరర్‌దే మిన్న. కాని రాత్రి పడుకున్నాక నాకు గుర్తొచ్చింది ఆ బంధమే. ఆ ఏడాది చివర్లోనే ఆ మూగజీవాన్ని పోపుకి కానుకగా మళ్ళీ ఓడెక్కించేరు. ఇటలీ తీరంలో ఓడ మునిగింది, అదీ మునిగిపోయింది.

అసలు పేచీ ఆ తరవాతది. డ్యూరర్ బొమ్మని చూసి మరొకరు, వాళ్ళని చూసి ఇంకొకరు, రెండువందల ఏళ్ళకి పైగా గీస్తూపోయేరు. ఆ దొంగకొమ్ము కూడా అలాగే పుస్తకం నుంచి పుస్తకంలోకి నడిచింది. 1741లో క్లారా అనే నిజమైన ఆడ ఖడ్గమృగం ఐరోపా చేరి, ఊరూరా తిరిగి, 1749లో పారిస్‌లో ఊద్రీ అనే చిత్రకారుడు దాన్ని ఎదట పెట్టుకుని నిలువెత్తున గీసేదాకా జనానికి కవచమే నిజం. డ్యూరర్ తప్పు తెలియక చేసినది. తరవాతివాళ్ళందరూ శ్రద్ధగా ‘చూసి గీసిన’వాళ్ళే!

చూసి దింపడం పాపమని నేనననుసుమండీ. మన శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్యగారు, ‘చందమామ’ అట్టలమీదా ‘యువ’లోనూ మనమంతా మురిసిన వపాగారు, డ్రాయింగు మాస్టారి కొడుకు. చిన్నతనంలో రవివర్మ బొమ్మ చూసి గీయడంతోనే చెయ్యి తిప్పేరని చెబుతారు. కాని రవివర్మ బొమ్మ వెనక ఒక మనిషి చూపు ఉంది; పిల్లవాడు గీతతో పాటు ఆ చూపునీ నేర్చుకుంటాడు. కోడిగుడ్ల వెనక ఏ చూపుంది? అసలు లేనిదాన్ని కూడా మనవాళ్ళు చేస్తారు. విజయనగరంలో పైడితల్లి సిరిమానుతో ఊరేగే తెల్ల ఏనుగుని కట్టేవాళ్ళు ఏ తెల్ల ఏనుగుని చూసి కడుతున్నారు?

పదకొండోనాడు, ఆదివారం, నేనే పూనుకున్నాను. సెల్‌ఫోనులో ఖడ్గమృగం నడిచేదీ, నీళ్ళలో పొర్లేదీ నాలుగు నిమిషాలు చూపించి, ఫోను బీరువాలో పెట్టి తాళం వేసేను. అది ఎదురుగా ఉంటే మళ్ళీ చార్టే అవుతుంది. తరవాత కబుర్లు చెప్పేను. కొమ్ము ఎముక కాదు, కత్తీ కాదు, మన గోళ్ళు దేనితో తయారవుతాయో దానితోనే తయారవుతుందని. కాలికి మూడేసి వేళ్ళని. నాలుగు గేదెలంత బరువని. దుప్పట్లు మీదమీద కప్పినట్టు చర్మం మడతలు పడుతుందని. పిల్ల తన గోరు కేసి కాసేపు చూసుకుంది.

“అంత బరువైతే కాళ్ళు లావుగా ఉండాలి కదా మామ్మా?” అంది.

నేను జవాబు చెప్పలేదు. డబ్బా తెరిచింది. మొదట కాళ్ళే గీసింది, స్తంభాల్లా; వాటిమీద ఒళ్ళు ఎక్కించేసరికి కాగితం చాలక తల కిందకి వాలిపోయింది. మడతలకి మా మంచంమీది గళ్ళదుప్పటి గళ్ళు కూడా వచ్చేయి. వేళ్ళు మూడు కాళ్ళకి మూడేసి, నాలుగో కాలికి నాలుగు. కొమ్ముకి మాత్రం నాకున్నట్టే గోరింటాకు రంగు వేసింది.

వంటింటి అలమరకి అంటించేం. సాయంత్రం పనిమనిషి గిన్నెలు పక్కన పెట్టి చాలాసేపు చూసింది.

“ఇదేటో నాకు తెల్దు గానమ్మా, గేది మాత్రం కాదు,” అంది.