ఒక్క శనివారం, నాలుగు ఊళ్ల బేస్‌బాల్

బేస్‌బాల్ అమెరికావాళ్ల ఆట అనే మాట మన దగ్గర బాగా నాటుకుపోయింది. 2023 మార్చి 11, శనివారం నాటి ఆటలు వరసగా చూసినవాళ్లు ఆ మాట మళ్లీ అనరు. ఆ రోజు దేశాల జట్లు తలపడే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ టోర్నీలో ఎనిమిది మ్యాచ్‌లు జరిగాయి. తైవాన్‌లోని తైచుంగ్‌లో రెండు, టోక్యోలో రెండు, అమెరికాలోని ఫీనిక్స్‌లో రెండు, మయామీలో రెండు. మొత్తం పదహారు జట్లు మైదానంలోకి దిగాయి. మన గడియారం ప్రకారం పొద్దున టిఫిన్ల వేళకు ఆసియాలో మొదలైన ఆట, రాత్రికి అమెరికా చేరి, ఆదివారం పొద్దెక్కేదాకా సాగింది. అభిమానికి ఇంతకంటే పెద్ద పండగ లేదు.

అయితే ఈ పండగ రుచి తెలియాలంటే ఎక్కడ చూడాలో తెలియాలి. కొత్తగా చూసేవాళ్లు బంతి ఎప్పుడు స్టాండ్స్‌లో పడుతుందా అని ఎదురుచూస్తారు, పడకపోతే విసుగు పుడుతుంది. పాత కాపులు మాత్రం బంతి వేసే పిచర్‌నీ, కొట్టే బ్యాటర్‌నీ చూస్తారు. ఆటంతా ఆ ఇద్దరి మధ్యే ఉంది.

లెక్కలోనే కిటుకు

పిచర్ నిలబడే చోటు నుంచి హోమ్ ప్లేట్‌కు దూరం సుమారు 18.4 మీటర్లు. మన క్రికెట్ పిచ్ కన్నా మీటరున్నర పైగా తక్కువ. బంతి నేలను తాకకుండా నేరుగా వస్తుంది. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి సెకనులో పదింట నాలుగు వంతుల కాలంలో బ్యాటర్ దగ్గరికి చేరుతుంది. అది ఏ రకం బంతో, ఎక్కడికి వస్తోందో, కొట్టాలో వదిలేయాలో ఆ లోపే తేల్చుకోవాలి. ఊపి తప్పినా, కొట్టే వీలున్న బంతిని వదిలేసినా స్ట్రైకు. మూడు స్ట్రైకులు పడితే బ్యాటర్ ఔట్. కొట్టే వీలు లేని చోటికి నాలుగు బంతులు వేస్తే బ్యాటర్ నడుచుకుంటూ మొదటి బేస్‌కు వెళ్తాడు.

ఈ రెండు అంకెల మధ్య బేరమే బేస్‌బాల్. రెండు స్ట్రైకులు పడి, చెడ్డ బంతి ఒక్కటీ లేకపోతే పిచర్‌దే రాజ్యం. కావాలని బయటికి వేసి బ్యాటర్‌ను ఊరించవచ్చు. మూడు చెడ్డ బంతులు పడి స్ట్రైకు ఒక్కటీ లేకపోతే పిచర్ దారికి రావాల్సిందే, బ్యాటర్ తనకు నచ్చిన బంతి కోసం ఓపికగా నిలబడతాడు. బంతి బంతికీ ఈ లెక్క మారుతుంది, దాంతో పాటు ఇద్దరి ఆలోచనా మారుతుంది. వెనక కూర్చున్న క్యాచర్ చేతి తొడుగు ఎక్కడ పెట్టాడో గమనిస్తే రాబోయే బంతి కథ సగం ముందే తెలిసిపోతుంది.

టోక్యోలో ఎలక్ట్రీషియన్

ఆ శనివారం సాయంత్రం టోక్యో డోమ్‌లో జపాన్, చెక్ జట్లు తలపడ్డాయి. జపాన్ పిచర్ రోకి ససాకికి అప్పటికి 21 ఏళ్లు. 2011లో అదే మార్చి 11న వచ్చిన సునామీలో తండ్రినీ, తాతానానమ్మలనూ పోగొట్టుకున్న కుర్రాడు. సరిగ్గా పన్నెండేళ్లకు అదే తేదీన దేశం తరఫున బంతి అందుకుని, 160 దాటిన వేగంతో ఎనిమిది మందిని స్ట్రైకౌట్ చేశాడు.

అవతలి వైపు పిచర్ ఒండ్రే సటోరియా. బేస్‌బాల్ అతని జీవనోపాధి కాదు, విద్యుత్ పనులు చేసుకుని బతుకుతాడు. ఆ జట్టు నిండా అలాంటివాళ్లే. అగ్నిమాపక దళంలో పనిచేసేవాడున్నాడు, పాఠాలు చెప్పేవాడున్నాడు, మేనేజర్ పావెల్ ఖాదిమ్ నరాల వైద్యుడు. సటోరియా ఎంత గట్టిగా వేసినా 130 కిలోమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. అలాంటివాడు ఆ రోజు షోహెయి ఒహ్తానీని స్ట్రైకౌట్ చేశాడు. ప్రపంచంలోకెల్లా పేరున్న బ్యాటర్ సుమారు 115 కిలోమీటర్ల బంతికి బ్యాట్ ఊపి గాలిని కొట్టాడు.

దీన్ని అదృష్టం అంటే సటోరియాకు అన్యాయం చేసినట్టే. అతను వేసింది చేంజప్. చెయ్యి తిరిగే తీరు, ఊపు అచ్చం వేగమైన బంతికి ఉన్నట్టే ఉంటాయి, బంతి మాత్రం ఆలస్యంగా వస్తుంది. వేగానికి అలవాటు పడ్డ బ్యాటు ముందే తిరిగిపోతుంది. బ్యాటర్ లయను చెడగొట్టడమే పిచర్ పని, దానికి వేగం ఒక దారి మాత్రమే. మ్యాచ్‌లో మొదటి పరుగు చేసిందీ చెక్ జట్టే. చివరికి జపాన్ 10-2తో గెలిచింది. తర్వాత మయామీలో దిగినప్పుడు ఒహ్తానీ నెత్తిన ఉన్నది చెక్ జట్టు టోపీ.

అదే మ్యాచ్‌లో ససాకి వేసిన 162 కిలోమీటర్ల బంతి చెక్ ఆటగాడు విలీ ఎస్కాలా మోకాలికి తగిలింది. అతను కింద పడి, లేచి, తనకేమీ కాలేదని చూపించడానికి గీత వెంట పరుగు తీశాడు. జపాన్ జనం చప్పట్లతో మోతెక్కించారు. ఆ తర్వాత ససాకి మిఠాయి సంచులు పట్టుకుని చెక్ జట్టున్న హోటల్‌కు వెళ్లి మరీ పలకరించాడు.

ఒకే ఆట, నాలుగు యాసలు

గోదావరి జిల్లాల్లోనూ కరీంనగర్‌లోనూ మాట్లాడేది తెలుగే అయినా తీరు వేరైనట్టు, ఒకే నిబంధనల పుస్తకం ఊరూరికీ వేరే ఆటగా వినిపిస్తుంది. జపాన్‌లో ఒక్కో బ్యాటర్‌కు ఒక్కో పాట ఉంటుంది. బాకాలు, డప్పులతో స్టాండ్స్ అంతా ఒక్క గొంతుగా పాడతారు. అవతలి జట్టు బ్యాటింగ్‌కు వస్తే తమ పాట ఆపేస్తారు. తైవాన్‌లో డప్పులకు లౌడ్‌స్పీకర్లు, చీర్‌లీడర్లు తోడవుతారు. ఆ శనివారం నెదర్లాండ్స్ మీద యు చాంగ్ గ్రాండ్ స్లామ్ కొట్టి ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు తెచ్చినప్పుడు తైచుంగ్ స్టేడియం ఊగిపోయింది. తైవాన్ 9-5తో గెలిచింది.

మయామీలో వెనెజులా, డొమినికన్ రిపబ్లిక్‌ల పోరుకు కరీబియన్ సంబరమంతా తరలివచ్చింది. అమెరికా లీగుల్లో హోమ్ రన్ కొట్టి బ్యాట్‌ను గాల్లోకి గిరాటేస్తే పొగరు కింద జమకట్టే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. కరీబియన్ జట్లకు ఆ మొహమాటం లేదు. పరుగు వస్తే జట్టంతా బయటికి దూకుతుంది. కప్పు కొడుతుందని అందరూ అనుకున్న డొమినికన్ జట్టును వెనెజులా 5-1తో ఓడించింది. డొమినికన్లు తమ గ్రూప్ కూడా దాటలేకపోయారు.

కొలిచి వేసే బంతులు

ఈ టోర్నీకి సొంత నిబంధనలున్నాయి, అవి తెలిస్తే ఆట మరింత అర్థమవుతుంది. 2023లో మొదటి రౌండ్‌లో ఒక పిచర్ 65 బంతులకు మించి వేయకూడదు. ఆ అంకె చేరేసరికి ఎదురుగా ఉన్న బ్యాటర్‌ను మాత్రం ముగించవచ్చు. ససాకి 66 బంతుల దగ్గర ఆగింది అందుకే. క్వార్టర్ ఫైనల్లో ఆ పరిమితి 80, సెమీస్, ఫైనల్లో 95. పిచర్ల భుజాలు కాపాడుకోవాలన్నది లీగుల బెంగ. దానివల్ల మేనేజర్ నాలుగో ఇన్నింగ్స్ నుంచే చదరంగం ఆడాలి. ఎవరిని ఎప్పుడు దించాలి, రేపటికి ఎవరిని దాచుకోవాలి అన్నదే సగం ఆట.

ఏడు ఇన్నింగ్స్ తర్వాత పది పరుగుల తేడా ఉంటే మ్యాచ్ అక్కడితో సరి. ఆ రోజు చైనాను ఆస్ట్రేలియా 12-2తో అలాగే ముగించింది. స్కోర్లు సమమై పదో ఇన్నింగ్స్‌కు వెళ్తే రెండో బేస్ మీద ఒక రన్నర్‌ను ముందే నిలబెడతారు. ఫీనిక్స్‌లో కొలంబియా మెక్సికోను 5-4తో ఓడించింది పదో ఇన్నింగ్స్‌లోనే. అలా ఓడిన మెక్సికోయే తర్వాత సెమీఫైనల్ దాకా వెళ్లి, జపాన్ మీద ఆధిక్యంతోనే చివరి ఇన్నింగ్స్‌లోకి అడుగుపెట్టింది.

తైచుంగ్ గ్రూప్ కథ మరీ విచిత్రం. అయిదు జట్లూ రెండేసి గెలిచి రెండేసి ఓడాయి. ఎన్ని ఔట్లు చేయడానికి ఎన్ని పరుగులు ఇచ్చారన్న లెక్క తీస్తే క్యూబా, ఇటలీ ముందుకెళ్లాయి. తొలి మ్యాచ్‌లో పనామాకు 12 పరుగులు ఇచ్చుకున్న తైవాన్ సొంత గడ్డ మీద అయిదో స్థానంలో పడింది. మరుసటి ఏడాది నవంబర్‌లో అదే తైవాన్ టోక్యో డోమ్‌లో జపాన్‌ను 4-0తో ఓడించి ప్రీమియర్12 అనే మరో అంతర్జాతీయ టోర్నీ కప్పు ఎత్తింది.

పెన్సిల్ పట్టిన ప్రేక్షకుడు

ఈ ఆటకు ప్రేక్షకుల విద్య ఒకటుంది, చేత్తో స్కోరు రాసుకోవడం. పిచర్ 1, క్యాచర్ 2, మొదటి బేస్ కాపలాదారు 3, ఇలా తొమ్మిది మందికీ అంకెలున్నాయి. 6-4-3 అని రాస్తే, రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ అందుకున్న బంతి రెండో బేస్ మీదుగా మొదటి బేస్‌కు చేరి ఇద్దరు ఔటయ్యారని తెలిసిపోతుంది. బ్యాట్ ఊపి స్ట్రైకౌటైతే ‘కే’ అనే ఇంగ్లిష్ అక్షరం, ఊపకుండా నిలబడిపోతే అదే అక్షరం తిరగేసి రాస్తారు. ఈ లెక్కల పద్ధతికి 19వ శతాబ్దంలో పునాది వేసినవాడు హెన్రీ చాడ్విక్. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన అతను మొదట క్రికెట్ విలేఖరి. అంటే మనకు ఈ ఆటతో చుట్టరికం పాతదే.

కొత్త చుట్టరికాలూ కలుస్తున్నాయి. జావెలిన్ విసిరే ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ 2008లో అమెరికా క్లబ్ పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. 2023లో క్లబ్బులు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో టొరంటో బ్లూ జేస్ మొదటి రౌండ్‌లోనే, 20వ ఎంపికగా తీసుకున్న షార్ట్‌స్టాప్ పేరు అర్జున్ నిమ్మల. భారతదేశం నుంచి ఫ్లోరిడా వెళ్లిన కుటుంబం, ఇంటిపేరు మాత్రం మనకు తెలిసిన తెలుగు ఇంటిపేరే.

గొప్ప బ్యాటర్లు కూడా పదిసార్లలో ఏడుసార్లు విఫలమయ్యే ఆట ఇది. అందుకే ఒక్క రోజు ఆటలో బలవంతుడికి హామీ లేదు, బలహీనుడికి తలుపు మూయరు. ఆ టోర్నీ ఫైనల్ చివరి బంతీ అదే చెప్పింది. జపాన్ 3-2 ఆధిక్యంలో ఉండగా, రెండు ఔట్ల తర్వాత, ఒహ్తానీ పిచర్‌గా, అప్పట్లో తన క్లబ్ సహచరుడైన అమెరికా బ్యాటర్ మైక్ ట్రౌట్‌కు ఎదురు నిలిచాడు. 160 దాటిన బంతులతో మూడు చెడ్డ బంతులు, రెండు స్ట్రైకుల దాకా తెచ్చి, చివరికి సుమారు 140 వేగంతో పక్కకు జారే స్వీపర్ వేశాడు. ట్రౌట్ బ్యాట్‌కు దొరకలేదు. సటోరియా పాఠమే అది, వేషం మార్చుకుని వచ్చింది.

అంతర్జాతీయ బేస్‌బాల్ ఈసారి కంటబడితే ఛానల్ మార్చకండి. పరుగుల సంగతి వదిలేసి, ఒక్క ఇన్నింగ్స్ పాటు స్ట్రైకుల లెక్క, క్యాచర్ చెయ్యి మాత్రం చూడండి. రెండో ఇన్నింగ్స్‌కు పెన్సిల్ మీరే వెతుక్కుంటారు.