ఆంగ్లపదములందు జీహెచ్‌టీ యక్షరత్రయము

అక్షరసామ్యమును బట్టియైనను నిర్వచనము చేయవలసినదే కాని మానరాదని యాస్కుఁడు నిరుక్తమునఁ జెప్పెను. ఆ యనుజ్ఞ యెంత యుపకారియో యంత ప్రమాదకారి. దాని బలాబలములఁ బరీక్షించుటకు సంస్కృతమునకు వెలిగా నున్న నిదర్శన మొకటి తగును. ఆంగ్లభాషలో నైట్ (రాత్రి), లైట్ (వెలుఁగు), ఎయిట్ (ఎనిమిది), డాటర్ (కూఁతురు), డిలైట్ (ఆనందము) అను పదములన్నిట జీ, హెచ్, టీ అను మూఁడక్షరములు వరుసగా నుండును. మొదటి రెండు నేఁడు పలుకఁబడవు. కంటికిఁ గనఁబడి చెవికి వినఁబడని యీ జంట నిష్ప్రయోజనమని కొందఱందురు. అక్షరములు సమానములు గావునఁ బదములన్నియు నేకకుటుంబమువే యని మఱికొందఱకుఁ దోఁచును. రెండు తీర్పులకును విచారణ చాలలేదు.

1066వ సంవత్సరమున నార్మనులు ఇంగ్లండును జయించుటకుఁ బూర్వము ఇవి నిహ్ట్, లెఓహ్ట్, ఎఅహ్ట, దొహ్టొర్ అను రూపముల నుండెను. అందలి హకారము మన హకారము కాదు. వైయాకరణులు జిహ్వామూలీయ మని పేర్కొనిన ధ్వనికి మిక్కిలి దగ్గఱిది. నార్మను లేఖకుల సంప్రదాయము వ్యాపించిన పిమ్మట దానికి జీహెచ్ అను వ్రాఁత కుదిరెను. తరువాత దక్షిణాంగ్లమున ధ్వని క్రమముగా నశించెను, వ్రాఁత నిలిచెను. స్కాట్లండు పలుకుబడిలో నిఖ్ట్ అనుట నేఁటికిని గలదు. జర్మనులు నాఖ్ట్ అందురు.

అయినను ఆ జంటకు మూల మొక్కటి కాదు. నైట్ పదమునకు సంస్కృతమున నక్తము, ఎయిట్ పదమునకు అష్ట, డాటర్ పదమునకు దుహితృశబ్దము సజాతీయములు. ఒకచోటఁ గకారము, ఒకచోట షకారము, ఒకచోట హకారము. జర్మానికశాఖలో నొక్కటిగాఁ గరఁగినవి సంస్కృతమున వేఱువేఱుగా నున్నవి. ఇఁక బ్రైట్ (ప్రకాశవంతము) పదము బెఓర్హ్ట్ అను దానినుండి వర్ణవ్యత్యయముచేఁ గలిగినది. హింసార్థకధాతువునుండి సింహశబ్దమును సాధించువారికి నిది క్రొత్త కాదు. భేద మేమన, ఇచటఁ బ్రాఁతరూపము వ్రాఁతప్రతులలోనే దొరకును.

డిలైట్ వేషధారి. ఇది ప్రాచీన ఫ్రెంచిభాషలోని దెలీత్ అను పదమునుండి వచ్చినది. మొదట దీనిని జీహెచ్ లేకయే వ్రాసిరి. లైట్, ఫ్లైట్ అను పదములఁ జూచి 16వ శతాబ్దియందు జంటను దగిలించిరి. మూలమగు లాటిను దేలెక్తారే యందుఁ గకారమున్నది గదా, అదియే జీహెచ్ ఏల కారాదని నిరుక్తాభిమాని యడుగును. ఆ కకారము ఫ్రెంచిలోనే లోపించెను. ఆంగ్లమునకుఁ జేరినది కకారము లేని రూపమే. రూపము సరిపడినను వచ్చిన త్రోవ సరిపడలేదు.

ఈ విచారణ తెలుఁగువారికి వినోదమాత్రము కాదు. అరసున్నయుఁ బలుకనిదే. సంవత్సరార్థకమగు ఏఁడు శబ్దమున నది పూర్ణబిందువునకు గుఱుతు. ఏండ్లు అను బహువచనము సాక్షి. మూఁడు శబ్దమునకుఁ దమిళపు మూన్ఱు సాక్షి. సంఖ్యార్థకమగు ఏడు శబ్దమున సాక్షియు లేదు, అరసున్నయు లేదు. నేఁటి పాఠ్యపుస్తకములనుండియు వార్తాపత్రికలనుండియు నీ చిహ్నము తొలఁగినది. దానిని నిలుపఁగోరు పరిష్కర్తలు తొలఁగించినవారిని నిందింతురు. నిందకు ముందు, తాము నిలుపు నొక్కొక్క యరసున్నకు ఏండ్లు వంటి సాక్షిని జూపుదురా, లేక ప్రక్కపదమును జూచి పెట్టుదురా? రెండవది చేయువారు డిలైట్ పదమునకు జీహెచ్ తగిలించిన లేఖకుని తోడివారే.