ఆపి చూసిన మాల్గుడి

(ముందుమాట)

నేను ఒక మాట తెలుగులో చెప్పేలోపల పెట్టెలో మూడు మాటలు దాటిపోయేవి. 1986లో దూరదర్శన్‌లో 'మాల్గుడి డేస్' మొదలైన రోజుల సంగతి ఇది. తుమ్మలపెంటలో మా వీధికంతటికీ ఒక్కటే టీవీ, అదీ నలుపు తెలుపుది. ఆ ఇంటి తిన్నె మీదా లోపల చాపల మీదా ముప్పై మందిదాకా సర్దుకుని కూర్చునేవాళ్లం. సీరియల్ హిందీలో వచ్చేది. బడిలో హిందీ అయ్యవారిని కాబట్టి ఆ గుంపులో హిందీ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. "ఏమంటన్నాడయ్యోరా?" అని వెనకనుంచి ఒకరు, "ఆ పిలకాయ యెందుకట్టా పరిగెత్తతన్నాడు?" అని పక్కనుంచి ఒకరు. వాళ్లకు చెబుతూ ఉంటే కథ ముందుకు పోయేది. దాన్ని అందుకుందామని పరిగెత్తితే చెప్పడం ఆగిపోయేది. ఆ సీరియల్‌ని నేను సగమే చూశాను. నా పక్కన కూర్చున్నవాళ్లు సగమే విన్నారు.

అందుకే ఈ పుస్తకం రాతప్రతి నా చేతికొచ్చినప్పుడు, మొదటి పుటలో 'అవ్వ అడిగినప్పుడల్లా బొమ్మ ఆపాను' అన్న వాక్యం చదివి కాసేపు పక్కన పెట్టేశాను. మాకు ఆనాడు లేనిది అదే.

రచయిత్రి నా దగ్గర చదువుకున్న అమ్మాయి కూతురు. ఉద్యోగం చెన్నైలో. ఒక సంక్రాంతికి డీవీడీల పెట్టె తీసుకుని ఇసకపల్లిలో ఉన్న అవ్వ దగ్గరికి వచ్చింది. అవ్వకు ఎనభై ఏడేళ్లు. హిందీ ముక్క రాదు. భోజనాలయ్యాక రాత్రికో కథ చొప్పున ఇద్దరే కూర్చుని చూశారు. ఒక్కో కథ అరగంటలోపే అయిపోతుంది. వీళ్లకు మాత్రం గంటన్నర, రెండు గంటలు పట్టేది. పండగకి వచ్చిన పిల్ల సెలవు పొడిగించుకుంది, తర్వాత నెలనెలా వస్తూ పోతూ శంకర్ నాగ్ తీసిన 39 భాగాలూ పూర్తి చేసింది. ఆ రాత్రుల లెక్కే ఈ పుస్తకం.

సీరియల్ గురించి తెలియని చిన్నవాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. మాల్గుడి ఏ పటంలోనూ లేని ఊరు. మద్రాసులో పుట్టి మైసూరులో స్థిరపడ్డ ఆర్.కె.నారాయణ్ దాన్ని ఇంగ్లీషులో కట్టాడు. 1935లో వచ్చిన 'స్వామి అండ్ ఫ్రెండ్స్' ఆ ఊరికి పునాదిరాయి. యాభై ఏళ్ల తర్వాత శంకర్ నాగ్ అనే కన్నడ యువకుడు, అప్పుడే ముప్పై దాటినవాడు, దాన్ని పడమటి కనుమల్లోని ఆగుంబెలో నిలబెట్టాడు. స్వామిగా మాస్టర్ మంజునాథ్, వాళ్ల నాన్నగా గిరీష్ కర్నాడ్. మొదట్లో కదిలే గీతలు నారాయణ్ తమ్ముడు ఆర్.కె.లక్ష్మణ్‌వి. వినగానే వీధిలో పిల్లలందరూ అందుకునే ఆ 'తానాన' ఎల్.వైద్యనాథన్ బాణీ. మా టీవీ తెర మీద గీతలు అలికినట్టు పడుతున్నా ఆ పాట మాత్రం తేటగా వచ్చేది. శంకర్ నాగ్ 1990లో కారు ప్రమాదంలో పోయాడు. ముప్పై ఆరేళ్లయినా నిండలేదు.

అంటే తమిళుడు ఇంగ్లీషులో రాసింది, కన్నడిగులు హిందీలో తీసింది, మన సముద్రం ఒడ్డున నెల్లూరు తెలుగులోకి దిగింది. ఇన్ని చేతులు మారిన కథ చివరికి అవ్వ నోట్లో ఎలా పలికిందో రాసిపెట్టాలన్న ఆలోచన ఈ అమ్మాయికి రావడం నాకెంతో గొప్పగా తోచింది. ఆ పలుకును ఆమె దిద్దలేదు. అందుకు ఆమెకు దణ్ణం పెట్టాలి.

ఈ పుస్తకానికి ప్రాణమంతా నాలుగో అధ్యాయంలో ఉంది. సీరియల్ చూసే మనకు అందులో కనిపించేది పాతకాలం. పంచె మీద నల్ల కోటు, స్లేటూ బలపం, లాంతరు, చెక్క స్తంభాల మండువా, ఆ మండువాలో మడతమంచం. తీసినవాళ్లు వాటిని వెతికి తెచ్చి అమర్చుకున్నారు. అవ్వకు అవి తన చిన్నప్పటి వస్తువులు. బొమ్మ ఆపమని ఆమె మొదటిసారి చెప్పింది మాట అర్థంకాక కాదు, లాంతరు చూసి. "ఆపు పాపా, ఆ లాంతరు మా నాయిన పడవలో వుండేది" అంది. ఆ ఒక్క మాట వెంట బకింగ్‌హాం కాలువ మొత్తం వచ్చేసింది. ఉప్పు బస్తాలూ సరుగుడు కట్టెలూ ఎక్కించుకుని మద్రాసు పోయే పడవలు, గాలి లేనప్పుడు నడుముకు తాడు కట్టుకుని గట్టు మీద నడుస్తూ పడవను లాగే మనుషులు, రాత్రుళ్లు దూరాన్నుంచి లాంతరు ఊగే తీరు చూసి ఎవరి పడవో చెప్పగలిగే ఆడవాళ్లు. పంచె మీద కోటు చూసి ఆమెకు జ్ఞాపకం వచ్చింది వకీలు కాదు. తెల్లదొరల కాలంలో ఉప్పుకొటార్ల దగ్గర చిల్లర ఉప్పు కోసం పిల్లల ఒడులు విప్పించి చూసే ఇన్‌స్పెక్టరు. తెర మీద ఉన్నది గిరీష్ కర్నాడ్, దయగల తండ్రి. ఆయన నోరు విప్పేదాకా అవ్వకు ఆయన మీద నమ్మకం కుదరలేదట. ఈ పుట నేను మూడుసార్లు చదివాను. ఆ కాలువలో ఇప్పుడు చాలా చోట్ల నాచూ తూడూ తప్ప ఏమీ లేవు. నేను ముప్పై ఏళ్లు దాని పక్కనే సైకిలు తొక్కాను. ఒక్క పడవవాడి కూతుర్నీ కూర్చోబెట్టి అడగలేదు.

నారాయణ్ పుస్తకంలో స్వామి తన కొత్త స్నేహితుడు రాజం గురించి అవ్వకు గొప్పలు చెబుతాడు. ఆమె సంబరపడి వాళ్ల తాత సంగతి ఎత్తుకోబోతే ఆ పిల్లవాడు అడ్డుపడతాడు. వాడికి రాజం కావాలి, తాత అక్కర్లేదు. పిల్లలు అంతే, వాళ్ల తప్పేమీ లేదు. నారాయణ్ కూడా మద్రాసు పురసవాక్కంలో అమ్మమ్మ దగ్గర పెరిగినవాడే, ఆ ఇంటి వాసన తెలిసి రాశాడు. కానీ ఆ అవ్వ చెప్పబోయి మింగేసిన కథేమిటో మనకు ఎప్పటికీ తెలియదు. ఇసకపల్లి అవ్వను ఎవరూ అడ్డుకోలేదు. తాడు లాగే మనుషుల పేర్లు సైతం ఈ పుస్తకంలోకి వచ్చాయి.

ఒక్కచోట మాత్రం రచయిత్రితో నాకు పేచీ ఉంది. 'ఇల్లాళ్లూ పిల్లలూ కలిసి చూసే ఇలాంటి సీరియళ్లు ఇక రావు' అని చివర్లో రాసింది. తీసెయ్యమన్నాను. వినలేదు. నాకు తెలిసి ఆ రోజుల్లో కూడా అన్నీ మాల్గుడిలు కావు. 1987 జనవరిలో 'రామాయణ్' మొదలయ్యాక ఆదివారం పొద్దున వీధుల్లో మనిషి కనిపించేవాడు కాదు, టీవీకి హారతులిచ్చారు, నేనూ చెప్పులు బయట విడిచే కూర్చున్నాను. కానీ ఆ కథ మాకు తెలుసు, నా అనువాదం అవసరం పడలేదు. మాల్గుడిలో దేవుడు లేడు, యుద్ధం లేదు. నాన్నకు భయపడే పిల్లవాడు, జీతం చాలని గుమాస్తా ఉన్నారు. అందువల్లే వాళ్ల మాట ఒక్కటి తప్పిపోయినా మాకు ప్రాణం కొట్టుకునేది.

నా బాధ వేరే. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' మన కృష్ణ ఒడ్డువి, బాపు బొమ్మలతో తెలుగువాళ్లు గుండెకు హత్తుకున్నవి. 1990ల నడుమ శ్యామ్ బెనెగల్ వాటిని పదమూడు భాగాలుగా తీస్తే అవీ హిందీలోనే వచ్చాయి. శంకరమంచి 1987లోనే పోయారు, చూడలేదు. మన కథను మన వీధివాళ్లకు మళ్లీ తెలుగు చేసి చెబుతూ నేను ఎంత కుమిలిపోయానో మాటల్లో పెట్టలేను. ఈ అమ్మాయి అవ్వతో కలిసి వాటినీ ఆపి ఆపి చూడాలని నా కోరిక.

ఇక పదకొండో అధ్యాయం, తపాలా బంట్రోతు తానప్ప కథ. తానప్ప తన వీధిలో ప్రతి గడపా ఎరిగినవాడు. అందులో ఒక ఇంటి పిల్లకు సంబంధం కుదరడానికి తోడ్పడ్డవాడు. పెళ్లికి ముందురోజు ఇంటి పెద్దాయనొకరికి జబ్బు చేసిందన్న కార్డు వస్తుంది, ఆ వెంటనే చావు కబురుతో తంతి. రెండూ దాచేస్తాడు. పెళ్లి అయిపోయాక తెచ్చిచ్చి, పైవాళ్లకు ఫిర్యాదు చేసుకోమంటాడు. తంతి అంటే మన రేవుల్లో ఎంత భయమో ఇప్పటివాళ్లకు తెలియదు. సైకిలు గంట వేళకాని వేళ మోగితే విప్పకముందే ఏడుపులు మొదలయ్యేవి. చదువురాని ఇళ్లలో ఉత్తరం చదివిపెట్టేదీ తపాలా ఆయనే. ఏ వాక్యం ముందు చదవాలో, ఏది నెమ్మదిగా చదవాలో ఆయన చేతిలో ఉండేది. అవ్వ తానప్పను తప్పు పట్టలేదు, మెచ్చుకోనూలేదు. "ఆ కార్డు జేబీలో పెట్టుకోని ఆయనకి రాత్రి నిద్రెట్టా పట్టిందో" అందట. నేను విన్న విమర్శల్లో ఇంతకన్నా లోతైనది లేదు.

ఆ కథ వచ్చిన రోజు నేను పెద్ద తప్పు చేశాను. నాలుగు వైపులా ప్రశ్నలు, ఆఖరి మాటలు సరిగా వినిపించలేదు. "పెళ్లి హడావిడిలో ఇవ్వడం మరిచిపోయాడంట" అని చెప్పేశాను. అందరూ అయ్యో అని లేచి ఇళ్లకు పోయారు. దాచాడని నాకే రెండు రోజుల తర్వాత, రాత్రి పడుకుని తలుచుకుంటూ ఉంటే అర్థమైంది. అప్పటికి చెప్పే సందు దాటిపోయింది. ఆ మాట ఇన్నేళ్లూ నాలో మెదులుతూనే ఉంది.

రాతప్రతి చదవడం పూర్తయ్యాక కావలి వెళ్లాను. ఆనాడు ఎప్పుడూ నా పక్కనే చాప మీద కూర్చుని అందరికన్నా ఎక్కువ ప్రశ్నలు వేసిన ఆమె ఇప్పుడు అక్కడ కొడుకు దగ్గర ఉంటోంది. తొంభై దాటాయి, చూపు ఆనదు. పదకొండో అధ్యాయం మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. నేను అప్పుడు చెప్పింది తప్పు, ఆయన మరిచిపోలేదు, కావాలనే దాచాడు అని చెప్పాను.

"నువ్వు మరిచిపోయాడని చెప్తే నేను అప్పుడే నమ్మలేదయ్యోరా" అంది ఆమె. "ఆ కార్డు ఇచ్చేటప్పుడు ఆయన మొగం జూళ్లా?"