కాలు లేపే ముందు

ఈ వారం ఒక జూనియర్ కాలేజీ మైదానంలో ఆడపిల్లల ఆత్మరక్షణ ప్రదర్శన చూశాను. తెల్ల దుస్తుల్లో వరసగా వచ్చి, పెంకుల దొంతరలను ఒక్కో దెబ్బకు ముక్కలు చేస్తుంటే మనసు నిండింది. సర్కారు బడుల్లో రాణీ లక్ష్మీబాయి పేరుతో ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా బాలికలకు మూడు నెలలు ఈ శిక్షణ ఇస్తున్నారు. మూడు నెలలేం సరిపోతాయి, ఏడాది పొడుగునా నేర్పాలి అనుకుంటూ బయటికొచ్చాను.

ఊరికో తాలింఖానా ఉండాలన్న నా పాత పట్టు ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే. విజయనగరం పక్కన మా ఊళ్లో రామకోవెల వెనక ఉండేది ఒకటి. వీరఘట్టంలో పుట్టి, ఉక్కు గొలుసులు తెంచి, ఏనుగును ఛాతీ మీద నిలుపుకున్న కోడి రామమూర్తి కథలు వింటూ పెరిగిన పిల్లలం. చేరిన రోజే కర్ర చేతికిస్తారనుకున్నాం. గురువుగారు వారాల తరబడి అడుగులే వేయించారు. ముందుకు, వెనక్కు, పక్కకు. కర్ర ఇచ్చాక కూడా తిప్పడం కంటే చూడటమే ఎక్కువ నేర్పారు. ‘‘కర్రనేం చూస్తావురా? వాడి భుజం చూడు. భుజం కదలకుండా దెబ్బ రాదు’’ అనేవారు. పండగకి సాము గరిడీలు ఆడేటప్పుడు ఊరంతా వచ్చేది. నా ఈడు ఆడపిల్లలు అరుగుల మీంచి చూసేవాళ్లు. లోపలికి రమ్మని వాళ్లనెవరూ పిలవలేదు.

గురువుగారి మాటే ఈ శిక్షణకు వర్తింపజేస్తే, ఆడపిల్ల కనిపెట్టాల్సిన ఆ ‘భుజం’ ఎవరిది? చీకటి సందులో ఎదురయ్యే ముక్కూమొహం తెలియనివాడిదనుకుని మన క్లాసులు నడుస్తున్నాయి. ఎన్‌సీఆర్‌బీ లెక్కలు ఏటా చెప్పేది వేరు. అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు తెలిసినవాడే. బంధువు, పొరుగువాడు, స్నేహితుడు, పెళ్లి చేసుకుంటానన్నవాడు. ఇంట్లో కాఫీ తాగి వెళ్లే మనిషి మీదికి పిల్ల కాలు ఎలా లేస్తుంది?

కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏడాది విద్యార్థినులు 893 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. సగం మందికి కరపత్రాలు ఇచ్చారు. మిగతా సగానికి మూడేసి గంటల చొప్పున నాలుగు క్లాసులు చెప్పారు. ఏడాది తిరిగేసరికి అత్యాచారానికి గురైనవారు మొదటి గుంపులో నూటికి పదిమంది దాకా ఉంటే, రెండో గుంపులో అయిదుగురు. కొట్టడం, విడిపించుకోవడం అక్కడ మూడో క్లాసులోగానీ రాదు. అంతకుముందు నేర్పేది ఒకటే: తెలిసినవాడి తీరు మారుతుంటే గుర్తుపట్టడం, ‘ఏమనుకుంటాడో’ అన్న మొహమాటాన్ని పక్కకు నెట్టడం. మొత్తం పన్నెండు గంటలు. మన మూడు నెలలు ధారాళంగా సరిపోతాయి. మారాల్సింది అందులో చెప్పే పాఠం.

మొహమాటం ఎక్కడ అంటుకుంటుందో మనకు తెలుసు. ‘‘మావయ్య పిలుస్తున్నాడు, వెళ్లి ఒళ్లో కూర్చో’’, ‘‘పెద్దవాళ్లకు ఎదురు చెప్పకు’’ అంటూ మనమే పదిహేనేళ్లు సాధన చేయిస్తాం. తర్వాత బడికి పంపి, ఎదురు తిరగడం నేర్పమంటాం. తిరిగి కొడితే కేసు తన మీదే పడుతుందని కూడా భయపెడతాం. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. అవసరానికి మించి గాయపరచకూడదన్నది హద్దు. అత్యాచారానికి తెగబడినవాణ్ని అడ్డుకునే క్రమంలో వాడి ప్రాణం పోయినా ఆ హక్కు నిలుస్తుంది. ఈ సంగతి పిల్లలకు ఎవరైనా చెబుతున్నారా?

అందుకే మొదటి నెల దెబ్బలు నేర్పొద్దంటాను. గొంతెత్తడం, చెయ్యి వెనక్కు లాక్కోవడం, ‘వద్దు’ అన్నాక సంజాయిషీ ఇవ్వకపోవడం సాధన చేయించాలి. ఒక ఆదివారం తల్లిదండ్రులనూ కూర్చోబెట్టాలి. ‘‘ఆయన ఉంటే నేను ఇంట్లో ఉండను’’ అని బిడ్డ అన్నప్పుడు కసరకుండా పూర్తిగా వినడం వాళ్లకూ నేర్పాలి.