ఉప్పెన : అర్థవిచారము

“ఉప్పెన” యను పదము నేడు పెనుగాలికిని, ఏటి వరదకును, సునామీకిని భేదము లేక వాడబడుచున్నది. ఇది సాధువు కాదు. తుఫానుగాలి త్రోపునకు సముద్రము పొంగి తీరభూమిని ముంచుటయే ఉప్పెన. తుఫాను కారణము, ఉప్పెన కార్యము. ప్రతి తుఫానును ఉప్పెనను తేదు.

నెల్లూరు తీరమున నీ భేదము సుస్పష్టము. 1989 నవంబరులో కావలి చెంత తీరము దాటిన తుఫానుతో వచ్చినది ఉప్పెన. 2004 డిసెంబరు 26న వచ్చినది సునామీ; దానికి మూలము సుమత్రా చెంత సముద్రగర్భమున కలిగిన భూకంపమే కాని గాలి కాదు. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు ప్రాంతమును ముంచినది వరద. వరద తీసిన చేలలో ఒండ్రు మిగులును. ఉప్పెన తీసిన చేలలో ఉప్పు మిగులును. ఈ భేదమును రైతునకు నిఘంటువు చెప్పనక్కరలేదు.

“జనము ఉప్పెనవలె వచ్చిరి” అనుట ఉపమానము గనుక దోషము కాదు. (అట్లు వచ్చిన జనము వెనుకకు పోవుటయు కలదు!) అసలు చిక్కు హెచ్చరికలలో నున్నది. తుఫానన్నచో గట్టియింట తలదాచుకొనవచ్చును. ఉప్పెనయన్నచో తీరము విడిచి మెరకకు పోవలెను. ప్రతి గాలివానకును ఉప్పెనయని పేరిడినచో పట్టపుపాళెముల వారికి ఆనాడు చెప్పుటకు వేరు మాట యుండదు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని బలిగొన్నది ప్రధానముగ గాలి కాదు, నీరు.