ఒంటికన్ను కార్వెట్

మూడో తరం కార్వెట్‌లో, అంటే 1968 నుంచి 1982 దాకా వచ్చిన కార్లలో, హెడ్‌లైట్లను పైకి లేపేది మోటారు కాదు, ఇంజన్ లాగుడు. థ్రాటిల్ మూసి ఉండగా పిస్టన్లు కిందికి దిగుతూ మానిఫోల్డ్‌లో గాలిని పీల్చేస్తాయి. ఆ వాక్యూమ్‌నే రబ్బరు పైపుల్లో కారు ముక్కు దాకా తీసుకెళ్లారు. 1972 వరకు వైపర్ల మీది మూతా దీంతోనే తెరుచుకునేది. పవర్ బ్రేకులుంటే వాటి బూస్టరూ ఇక్కడికే చెయ్యి చాస్తుంది. ఉమ్మడి కుటుంబం లెక్క: ఒకరు దుబారా చేస్తే ఇంటిల్లిపాదికీ కొరత.

నా 1971 కారులో ఎడమ లైటు లేచేది, కుడిది సగంలో ఆగిపోయేది. ఐడ్లింగ్‌లో ఇంజన్ వణికేది. కార్బురేటర్ విప్పమన్నవాళ్లే ఎక్కువ. విప్పడం మనవాళ్లకు మహా సరదా.

కానీ ముందు వాక్యూమ్ గేజీ పెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ సముద్రమట్టం దగ్గర ఐడ్లింగ్‌లో సుమారు 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపిస్తుంది. మేముండే డెన్వర్ 5,280 అడుగుల ఎత్తున ఉంది. వెయ్యి అడుగులకు దాదాపు అంగుళం తగ్గుతుంది కాబట్టి ఇక్కడ 14 కనిపిస్తే బెంబేలు పడక్కర్లేదు. అసలు చూడాల్సింది అంకె కాదు, ముల్లు నడక. ఉండుండి ఒకే లయలో కిందికి కొట్టుకుంటే వాల్వును అనుమానించాలి. ఐడ్లింగ్‌లో గజగజలాడి, వేగం పెంచాక కుదురుకుంటే వాల్వు గైడులు అరిగినట్టు. నాది తక్కువలోనే కదలకుండా నిలబడింది. అంటే లీకైనా కావాలి, టైమింగ్ వెనకబడైనా ఉండాలి.

మానిఫోల్డ్ దగ్గర లైట్ల పైపు ఊడదీసి నిపుల్‌కు మూత పెట్టాను. వణుకు ఆగింది, ముల్లు పైకెక్కింది. ఇంజన్‌ తప్పేం లేదన్నమాట. ఇక మిగిలింది వాక్యూమ్‌ను వెనక్కి పోనివ్వని చెక్ వాల్వు, దాన్ని నిల్వ ఉంచే ట్యాంకు, ఒక్కో లైటుకు వాక్యూమ్‌ను మళ్లించే ఒక రిలే, లైటును లేపే ఒక యాక్చువేటర్. చేతి పంపుతో ఒక్కోదానికి వాక్యూమ్ పట్టించి, ముల్లు జారుతోందేమో చూడటమే పని. నడుం నొప్పి తప్ప కష్టమేమీ లేదు. అందరూ మొదట తిట్టుకునే యాక్చువేటర్ కడ్డీ సీలు భేషుగ్గా నిలబెట్టింది. కుడి రిలేకి వెళ్లే పైపు నిలబెట్టలేదు. నిపుల్‌కు తొడిగిన చోట చీలింది. ఊరికే చూస్తే నల్లగా, నున్నగా ఉంది, వంచితేనే నోరు తెరిచింది. చివర కోసి మళ్లీ తొడగొచ్చు. కానీ యాభై ఏళ్ల రబ్బరు ఇవాళ ఇక్కడ చీలితే రేపు పక్కన చీలుతుంది. పైపుల మీది రంగు గీతలు చూసుకుంటూ సెట్టంతా మార్చాను.

ఈ గొడవ పడలేక చాలామంది ఎలక్ట్రిక్ మోటార్లు పెట్టించుకుంటారు. నాకు నచ్చదు. లైట్లు తీరిగ్గా, ఒకదాని వెనక ఒకటి లేవడమే ఆ కారు అందం.

మీకూ ఇలాంటి కారుంటే ఇంజన్ ఆపేశాక ఒకసారి లైట్ల స్విచ్ లాగి చూడండి. నిల్వ ఉన్న వాక్యూమ్‌తో రెండూ లేచాయా, ట్యాంకూ చెక్ వాల్వూ బాగున్నట్టే. లేవకపోతే స్పానర్ల జోలికి వెళ్లకుండా గేజీ తీయండి.